రామగుండంలో చలికి హీటరా? సిగ్డి నుంచి క్వార్ట్జ్ రాడ్డు దాకా, బొగ్గు బాయి చెప్పిన పాఠం

రామగుండం గురించి ఎపిసోడ్, అదీ చలి మీద అంటే సగం మంది నవ్వుతారని నాకు తెలుసు. టీవీలో వాతావరణ వార్తలు వస్తే మన ఊరి పేరు ఏప్రిల్, మే నెలల్లోనే వినిపిస్తుంది. రెంటచింతల, రామగుండం... రెండూ ఎండకే ఫేమస్. కానీ డిసెంబర్ చివర్లో, జనవరి మొదట్లో తెల్లారుజామున నాలుగు గంటలకి గోదావరిఖనిలో బయటికి వచ్చి చూడండి. గోదావరి మీంచి వచ్చే గాలికి చెవులు జివ్వుమంటాయి. కొన్ని రాత్రులు టెంపరేచర్ 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. సిమెంట్ రేకుల కింద కూర్చున్నోడికి అది ఇంకా తక్కువే అనిపిస్తుంది.

ఆ రేకుల కింద కూర్చునేది నేనే. మా ఇంటి వెనకాల పాత బైక్ షెడ్డు ఉంది. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, ముందు ఇనుప షట్టర్. ఉద్యోగం మానేసి వచ్చాక దాన్నే స్టూడియోలా, వర్క్‌షాప్‌లా మార్చుకున్నాను. సోల్డరింగ్, కెమెరా రిపేర్లు, ఎడిటింగ్ అన్నీ అక్కడే, అది కూడా రాత్రిపూట. చలికాలం వేళ్లు బిగుసుకుపోయి సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడమే కష్టమైంది. ఒక హీటర్ కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే నలభై రకాలు కనిపించాయి. రేట్లు చూసి ఫోన్ పక్కన పెట్టేశాను.

అప్పుడు అటక మీద సిగ్డి కనిపించింది.

సిగ్డి అంటే తెలియనివాళ్ల కోసం చెప్తాను. కుంపటికి అన్న లాంటిది. పాత ఇనుప బకెట్ తీసుకుని కింద గాలికి ఒక కిటికీ కోసి, మధ్యలో ఇనుప చువ్వలు గుచ్చి, లోపల మట్టి పూస్తారు. పైన బొగ్గు, కింద బూడిద. మా నాయనమ్మ చేతిలో తయారైన సిగ్డి అది. బొగ్గు ఊళ్లో పుట్టినోడికి బొగ్గు కొనాల్సిన పని ఏముంటది? రెండు కిలోలు తెచ్చి, బయట ముట్టించి, పొగ పోయి ఎర్రగా నిప్పులు అయ్యాక షెడ్డులోకి తెచ్చుకుని షట్టర్ దించేశాను. అబ్బ, పది నిమిషాల్లో స్వర్గం. పొగ లేదు, వాసన లేదు. గంటన్నర ఎడిటింగ్ చేశాను. కాసేపటికి తల బరువెక్కింది. స్క్రీన్ చూసి చూసి వచ్చిన నొప్పి అనుకున్నాను. కడుపులో తిప్పినట్టయింది. రాత్రి తిన్న మిర్చి బజ్జీ మీద నెపం పెట్టాను.

షట్టర్ సందులోంచి ఎర్రటి వెలుగు చూసి మా బాపు వచ్చాడు. బాపు అండర్‌గ్రౌండ్‌లో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరైన మనిషి. షట్టర్ ఎత్తి, ఏం మాట్లాడకుండా గమేలా తెచ్చి సిగ్డిని బోర్లించి బయట పారేశాడు. నన్ను చెయ్యి పట్టుకుని వాకిట్లో కూర్చోబెట్టాడు. "లేవకు. గాలి పీల్చు." అంతే. పావుగంట తర్వాత అడిగాను, "బాపూ, పొగ కూడా లేదు కదా?" అని. "పొగ ఉంటే నువ్వే బయటికి ఉరుకుదువు బిడ్డా. పొగ లేదు కాబట్టే కూసున్నవ్" అన్నాడు.

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

సింగరేణి చరిత్రలో మొదటి కథే పొయ్యి కథ, గమనించారా? ఇల్లందు ప్రాంతంలో పెద్దవాళ్లు చెప్పే కథ ఒకటి ఉంది. భద్రాచలం పోయే యాత్రికులు దారిలో వంట కోసం మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తే, కట్టెలతో పాటు రాళ్లు కూడా అంటుకున్నాయట. కథ కథే. రికార్డులో ఉన్నది మాత్రం 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు పొరలు గుర్తించాడని. 1886లో ఇంగ్లాండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కులు దక్కాయి. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. మన సెంటినరీ కాలనీ పేరు ఆ నూరేళ్ల లెక్క నుంచే వచ్చింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, అందుకే ఇప్పటికీ ఆ రోజు సింగరేణి డే. మన రామగుండం వైపు బాయిలు బాగా ఆలస్యంగా, 1960ల కాలంలో వచ్చాయి. ఊరి పేరులోనే ఉంది చూడండి, గోదావరి పక్కన ఖని.

ఊరు పుట్టగానే పొగ కూడా పుట్టింది. నాయనమ్మ చెప్పేది, సాయంత్రం అయితే లైన్ల ముందు వరుసగా సిగ్డీలు పెట్టేవాళ్లట. పిడక ముక్క, నాలుగు పుల్లలు, చారెడు కిరోసిన్. పైన బొగ్గు పెళ్లలు. అరగంట పాటు పచ్చగా, చిక్కగా పొగ. ఎదురింటి మనిషి కనిపించేవాడు కాదట. ఆ పొగ అంతా పోయాక, నిప్పులు కణకణలాడాక, బట్టతో పట్టుకుని సిగ్డిని లోపలికి తెచ్చేవాళ్లు. ఆ ఆడవాళ్లు ఎవరూ కెమిస్ట్రీ చదువుకోలేదు. కానీ పచ్చి బొగ్గులో ఉండే తారు, గంధకం వాసన బయటే కాల్చేసి, దాదాపు కోకు అయిన సరుకును ఇంట్లోకి తేవడం అనే ప్రాసెస్ వాళ్లకి తెలుసు.

అదే పని చేయని పెద్ద ఊరు ఒకటుంది. 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా లండన్‌లో గాలి కదల్లేదు. ఇంటింటా చలి మంటల కోసం కాల్చిన బొగ్గు పొగ, ఫ్యాక్టరీల పొగ కలిసి మంచుతో పాటు ఊరి మీద కూర్చుంది. అప్పటి లెక్క ప్రకారం దాదాపు 4 వేల మంది చనిపోయారు, తర్వాత చేసిన అధ్యయనాల్లో 12 వేల దాకా అన్నారు. 1956లో క్లీన్ ఎయిర్ యాక్ట్ తెచ్చారు. అంటే కంటికి కనిపించే పొగ మీద చట్టం రావడానికి కూడా అన్ని ప్రాణాలు పోవాల్సి వచ్చింది. ఇక కనిపించనిదాని సంగతి?

ఎర్ర నిప్పుల మీద ఎప్పుడైనా నీలం మంట చూశారా? చిన్న చిన్న నాలుకల్లాగా ఆడుతుంటుంది, అందంగా ఉంటుంది. ఆ నీలం మంటే కార్బన్ మోనాక్సైడ్ కాలడం. సిగ్డి అడుగున గాలి బాగా తగిలి కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. అది పైకి వస్తూ ఎర్రగా కాలిన బొగ్గు గుండా పోతే మళ్లీ కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. పైన మంట ఉన్నంతసేపు అది కాలిపోతుంది. మంట ఆరి, నిప్పుల మీద తెల్లటి బూడిద పరుచుకుని, "ఆహా, ఇప్పుడు హాయిగా ఉంది" అని మనం అనుకునే టైంలో... అది కాలకుండా నేరుగా గదిలోకి వస్తుంది. సిగ్డి అన్నిటికంటే మంచిగా కనిపించే గంటే అన్నిటికంటే డేంజర్.

తమాషా ఏంటంటే, ఇదే రియాక్షన్‌ని మన ఊళ్లోనే పనిగట్టుకుని నడిపారు. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ గుర్తుందా, పాత ఎఫ్‌సీఐ? 1980లో మొదలైంది. ఒడిశాలోని తాల్చేర్ దానికి కవల. రెండూ బొగ్గుతో యూరియా చేసే ప్లాంట్లు. బొగ్గు పొడిని ఆక్సిజన్, ఆవిరితో కలిపి సగం సగం కాల్చి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ తీయడం, దాన్నుంచి అమ్మోనియా, అమ్మోనియా నుంచి యూరియా. 1999లో మూతబడింది. ఇప్పుడు అదే చోట ఉన్న ఆర్‌ఎఫ్‌సీఎల్ గ్యాస్‌తో నడుస్తుంది, 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలో ఆ గ్యాస్‌ని పైపుల్లో బంధించడానికి ఇంజినీర్లు ఉంటారు. నా షెడ్డులో నేనొక్కణ్నే ఉన్నాను, అదీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.

ఇంజినీర్‌ని కదా, మర్నాడు కూర్చుని లెక్క వేశాను. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి మీరూ వెయ్యొచ్చు. నా షెడ్డు ఎత్తు 10 అడుగులు. మొత్తం 1800 ఘనపుటడుగులు, అంటే దాదాపు 51 వేల లీటర్ల గాలి. నేను వేసిన 2 కిలోల బొగ్గులో కిలో దాకా కార్బన్ ఉందనుకుందాం. అందులో పదో వంతు మాత్రమే మోనాక్సైడ్‌గా మారిందనుకుందాం. 100 గ్రాముల కార్బన్ నుంచి దాదాపు 204 లీటర్ల గ్యాస్ వస్తుంది. ఆయిల్ డ్రమ్ము ఒకటి ఊహించుకోండి, అది 200 లీటర్లు. నా షెడ్డులోకి ఒక డ్రమ్ము నిండా ఆ గ్యాస్ వదిలినట్టు. గాలి అసలు బయటికి పోకపోతే అది 4000 పీపీఎం. బొగ్గు గనుల్లో కార్మికుడు పీల్చే గాలిలో ఉండదగ్గ హద్దు 50 పీపీఎం. అంటే నా షెడ్డు సైజుకి రెండున్నర లీటర్లు. 1600 పీపీఎంలో గంటా, రెండు గంటలు ఉంటే మనిషి ప్రాణం పోతుంది. నా షట్టర్ కింద సందు ఉండబట్టి, రేకుల మధ్య గాలి ఆడబట్టి, బాపుకి నిద్ర పట్టకపోబట్టి ఈ ఎపిసోడ్ రికార్డ్ అవుతోంది.

ఆ లెక్క బాపుకి చూపించాను. అర్థం చేసుకున్నాడో లేదో గానీ, "గీ లెక్క మాకు లేకుండె, పిట్ట ఉండె" అన్నాడు. పిట్ట సంగతి ఆయన ట్రైనింగ్ క్లాసులో విన్నదే, వాడింది మాత్రం కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను.

గనుల్లో దీపం పాత సమస్య. బొగ్గు పొరల్లోంచి మీథేన్ వస్తుంది, మంట తగిలితే పేలుతుంది. 1812లో ఇంగ్లాండ్‌లోని ఫెల్లింగ్ గనిలో 92 మంది పోయారు. 1815లో హంఫ్రీ డేవీ అనే సైంటిస్ట్ దీపం చుట్టూ సన్నటి ఇనుప జాలీ పెట్టాడు. మంట వేడిని జాలీ లాగేసుకుంటుంది, బయటి గ్యాస్ అంటుకోదు. ఆ సేఫ్టీ ల్యాంప్ వంశమే మన బాయిల్లో సర్దార్ చేతిలో తిరిగింది. మీథేన్ ఉంటే మంట మీద లేత నీలం టోపీ కనిపిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే మంట కుంచించుకుపోయి ఆరిపోతుంది. బాపు చేతికి ఆ దీపం మీద ఎంత నమ్మకమో చెప్పలేను.

కానీ కార్బన్ మోనాక్సైడ్‌ని ఆ దీపం చూపించదు! మనిషిని చంపడానికి సరిపోయే మోతాదు గాలిలో ఉన్నా దీపం మామూలుగానే వెలుగుతుంటుంది. 1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగినప్పుడు జాన్ స్కాట్ హాల్డేన్ అనే డాక్టర్ వెళ్లి శవాలను పరీక్షించాడు. ఎక్కువ మంది పేలుడుకి కాదు, ఆ తర్వాత వచ్చిన గ్యాస్‌కి పోయారని తేల్చాడు. ఒంటి మీద దెబ్బ లేదు, చర్మం గులాబీ రంగులో ఉంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ గ్యాస్‌ని పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే తొందరగా వదలదు. హాల్డేన్ తన మీద తానే ఈ గ్యాస్ ప్రయోగం చేసుకున్న మనిషి. చిన్న జంతువు అయితే మనకంటే ముందే పడిపోతుంది, ఆ కాస్త టైంలో మనం బయటపడొచ్చని ఆయన ఐడియా. ఎలుకలు కూడా పనికొస్తాయి గానీ కెనరీ పిట్ట కొమ్మ మీంచి పడితే చటుక్కున కనిపిస్తుంది. బ్రిటన్ గనుల్లో పిట్టల స్థానంలో ఎలక్ట్రానిక్ డిటెక్టర్లు తేవాలని నిర్ణయించింది ఎప్పుడో తెలుసా? 1986లో. మన అన్నలు, అక్కలు పుట్టే కాలంలో.

ఇంకో విషయం, మన బాయిలకి దగ్గరిది. బొగ్గు అగ్గిపెట్టె లేకుండా తనంతట తానే వేడెక్కుతుంది. తవ్వేసి వదిలేసిన చోట మిగిలిన బొగ్గు పొడి గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలుస్తూ, వేడి బయటికి పోలేక, చివరికి రాజుకుంటుంది. అది మొదలవుతోందని ముందుగా చెప్పే గుర్తు ఈ కార్బన్ మోనాక్సైడే. అందుకే గాలి శాంపిళ్లు తీసి చూస్తుంటారు. అది పెరిగితే ఆ ప్యానెల్‌ని గోడ కట్టి మూసేస్తారు. నా షెడ్డులో నేను చేసిందీ అదే, కాకపోతే గోడకి లోపలి వైపు కూర్చున్నాను.

సరే, చలి కాగుడు తప్పని మనుషులు మరి ఏం చేశారు? మా బాపు వాళ్లు నైట్ షిఫ్ట్ దిగేముందు బాయి మీద ఆరుబయట మంట వేసుకుని చుట్టూ నిలబడేవాళ్లు. బాయి లోపల చలి ఉండదు, ఉక్కపోత. చెమటతో తడిసి తెల్లారుజామున పైకి వస్తేనే అసలు చలి. మళ్లీ అదే మంట. అది ఆరుబయట కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. ఇంట్లో అయితే సిగ్డి వాకిట్లోనో, కిటికీలు తెరిచిన వంటగదిలోనో ఉండేది. ఒక్క చోట మాత్రం రూల్ మారేది. బాలింత గది. చలిగాలి తగలొద్దని తలుపులు, కిటికీలు మూసి, మంచం కింద కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసేవాళ్లు. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో పెడుతున్నారు. ఇది చూస్తున్న మీ ఇంట్లో చంటిపిల్ల ఉండి, కుంపటి పెట్టే అలవాటు ఉంటే, పెద్దవాళ్లతో గొడవ పడకండి. కుంపటిని గది బయట పెట్టించండి. సాంబ్రాణి పొగ కూడా తలుపు తీసే వెయ్యాలి.

ఇప్పుడు కరెంటుకి వద్దాం. మన దగ్గర హీటర్ అంటే చాలామందికి బకెట్ నీళ్లలో పెట్టే రాడ్డే. క్వార్టర్లలో పెరిగినవాళ్లకి ఇంకోటి గుర్తొస్తుంది, తెల్లటి పింగాణి ప్లేటు, దాని గాడుల్లో చుట్టిన తీగ, దాని మీద టీ గిన్నె. తీగలో కరెంటు పోతే ఎంత వేడి పుడుతుందో జేమ్స్ జౌల్ 1841లోనే లెక్క చెప్పాడు. కానీ ఎర్రగా కాలినా విరిగిపోని తీగ దొరకడానికి ఇంకో 65 ఏళ్లు పట్టింది. 1906లో ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్ నికెల్, క్రోమియం కలిపి నైక్రోమ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. టోస్టర్, ఇస్త్రీ పెట్టె, గీజర్, రూమ్ హీటర్... చాలా వాటి లోపల ఆ కుటుంబమే.

ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటి. 1000 వాట్ల హీటర్ గంట నడిస్తే ఒక యూనిట్. బొగ్గుతో ఒక యూనిట్ తయారవ్వాలంటే 600, 700 గ్రాముల బొగ్గు కాలాలి. మా షెడ్డు మీంచి చూస్తే ఎన్టీపీసీ పొగ గొట్టాలు కనిపిస్తాయి. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్, 2004లో ఏడోది వచ్చేసరికి మొత్తం 2600 మెగావాట్లు. అంటే హీటర్ స్విచ్ వేసినా నేను సిగ్డే వెలిగిస్తున్నాను. నిప్పు అక్కడ, వేడి ఇక్కడ. పొగ గొట్టం ఎత్తుగా, నాకు దూరంగా ఉంది, అంతే తేడా. ఆ పొగ ఎవరికీ తగలదని మాత్రం అనను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో వాకిట్లో బట్టలు ఆరేసేవాళ్లని అడిగితే చెప్తారు. ఇప్పుడు అదే ప్లాంట్ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ ప్యానెళ్లు తేలుతున్నాయి, కానీ నేను హీటర్ వాడేది రాత్రి.

మరి ఏది కొన్నాను? ముందు ఒక భ్రమ పోగొట్టాలి. "తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి" అని రాసుంటే నమ్మకండి. రాడ్డు, ఫ్యాన్, ఆయిల్, ఏదైనా సరే, ఒక యూనిట్ తింటే 860 కిలో కేలరీలే ఇస్తుంది. ఇన్వర్టర్ ఏసీలో హీట్ మోడ్ ఒక్కటే వేరే, అది బయటి వేడిని లోపలికి తోడుతుంది కాబట్టి ఎక్కువ ఇస్తుంది. మిగతావాటిలో తేడా అంతా ఆ వేడి ఎక్కడికి పోతుందనే దాంట్లోనే. ఫ్యాన్ హీటర్ గాలిని వేడి చేస్తుంది, వేడి గాలి పైకి పోయి రేకుల్ని వెచ్చబెడుతుంది, నా కాళ్లని కాదు. ఆయిల్ హీటర్ మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది, శ్లాబ్ వేసిన చిన్న గదికి బాగుంటుంది. నాలాంటి సందుల షెడ్డుకి క్వార్ట్జ్ రాడ్డు సరిపోయింది. అది గాలిని వదిలేసి, ఎండ తగిలినట్టు నేరుగా మనిషిని తాకుతుంది. 800 వాట్లది తీసుకున్నాను, టేబుల్ పక్కన పెట్టి నా వైపు తిప్పుకున్నాను. కాళ్ల కింద పాత గోనెసంచి మడిచి వేశాను. నిజం చెప్పాలంటే సగం చలి ఆ గోనెసంచితోనే పోయింది.

మా గల్లీలో బైక్ మెకానిక్ షెడ్డు ఉన్న ఫ్రెండ్ కూడా అదే కొంటానన్నాడు. వద్దన్నాను. పెట్రోల్, థిన్నర్ డబ్బాలు ఉన్న చోట ఎర్రగా కాలే రాడ్డు పెడితే కథ డేవీ కంటే ముందుకి పోతుంది. వాడికి ఆయిల్ హీటర్, అదీ ట్యాంక్ విప్పే చోటికి దూరంగా. చెక్క పని చేసేవాళ్లకీ అదే మాట, రంపపు పొట్టు అంటుకోవడానికి ఎంతసేపు కావాలి? ఇంకా 2000 వాట్ల హీటర్ కొన్నవాళ్లు ప్లగ్ చూడండి. అది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌లోనే పెట్టాలి. ఫోన్ చార్జర్లతో నిండిన ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే బోర్డే హీటర్ అవుతుంది. బిల్లు కూడా చూసుకోండి. రోజుకి మూడు గంటలు వాడితే నెలకి 180 యూనిట్లు, స్లాబ్ మారిపోతుంది.

దాంతో పాటు షెడ్డు గోడకి ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా బిగించాను. కరెంటు హీటర్‌కి అది అవసరం లేదు. కానీ చలి పెరిగి, కరెంటు పోయిన రాత్రి నా బుద్ధి మళ్లీ సిగ్డి మీదికి పోదని గ్యారంటీ లేదు కదా. బాపు దాన్ని చూసి, "గిదేనా నీ పిట్ట?" అన్నాడు. బటన్ నొక్కి టెస్ట్ చేసి చూపించాను. చెవులు మూసుకుని, "గట్టిగనే అరుస్తది" అని లోపలికి పోయి పడుకున్నాడు.

సిగ్డి ఇప్పుడు వాకిట్లో ఉంది, పైన రేకు లేదు, పక్కన గోడ లేదు. సంక్రాంతికి దాని మీదే మక్క కంకులు కాల్చాం. మీ ఇంట్లో పాత సిగ్డి ఉంటే ఫొటో తీసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో బాపు దాచుకున్న సేఫ్టీ ల్యాంప్ విప్పి లోపల ఏముందో చూద్దాం. ఉంటాను మరి.